కొత్త బంతి సాకు చెల్లదు

వెన్ను గాయంతో జస్‌ప్రీత్ బుమ్రా చాంపియన్స్ ట్రోఫీకి దూరమయ్యాడని 2025 ఫిబ్రవరి 11, మంగళవారం రాత్రి బీసీసీఐ ప్రకటించింది. అతని స్థానాన్ని హర్షిత్ రాణాకు ఇచ్చింది. అదే ప్రకటన చివర మహ్మద్ సిరాజ్ పేరు కూడా కనిపించింది. జట్టుతో వెళ్లని ప్రత్యామ్నాయ ఆటగాళ్లలో అతనొకడట, అవసరమైతే దుబాయ్‌కి పిలుస్తారట. దేశంలోకెల్లా మేటి పేసర్ గాయపడి టోర్నీకే దూరమైన రోజున రాని అవసరం ఇంకెప్పుడు వస్తుంది? ఈ ప్రశ్న ఇప్పుడు పాతబస్తీలో ప్రతి హోటల్ బల్ల దగ్గరా వినిపిస్తోంది. సెలక్టర్ల దగ్గర దీనికి జవాబు లేదు. ఉన్న ఒక్క జవాబునూ వాళ్లే మంగళవారం నాడు కాలరాసుకున్నారు.

జనవరి 18న ముంబైలో చీఫ్ సెలక్టర్ అజిత్ అగార్కర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కెప్టెన్ రోహిత్ శర్మ చెప్పిన మాట దేశమంతా విన్నది. బుమ్రా ఆడతాడో లేదో తెలియదు కాబట్టి కొత్త బంతితోనూ చివరి ఓవర్లలోనూ వేయగలవాళ్లనే ఎంచుకున్నామన్నాడు. కొత్త బంతి చేతికివ్వకపోతే సిరాజ్ ప్రభావం తగ్గిపోతుందని, దీనిపై సుదీర్ఘంగా చర్చించామని కూడా అన్నాడు. ఒక ఆటగాణ్ని తప్పించడం సెలక్టర్ల హక్కు. అందుకు చెప్పే కారణం నిజమై ఉండాలని కోరడం మన హక్కు. చెప్పిన కారణం నిజం కాదని ఈ పత్రిక నిర్మొహమాటంగా అంటోంది.

ముందుగా, ఆ మాటను అక్షరాలా నమ్ముదాం. సిరాజ్‌కు కొత్త బంతి కావాలి. ఆ బంతి పట్టే చేతుల్లో మొదటివి బుమ్రావి. బుమ్రా లేడని మంగళవారం తేలిపోయింది. అంటే కొత్త బంతి ఖాళీగా ఉంది. సిరాజ్‌ను పక్కన పెట్టడానికి జనవరిలో చెప్పిన కారణమే ఫిబ్రవరిలో అతణ్ని పిలవడానికి కారణం కావాలి. కాలేదు. ఇంగ్లండ్‌తో నాగ్‌పూర్‌లోనూ కటక్‌లోనూ మహ్మద్ షమీకి జతగా కొత్త బంతిని ఎవరి చేతిలో పెట్టారు? నాగ్‌పూర్‌లోనే తొలి వన్డే ఆడిన హర్షిత్ చేతిలో. కుర్రాడు ఆ మ్యాచ్‌లోనే మూడు వికెట్లు తీశాడు, బ్యాటూ ఊపగలడు, అతని మీద ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ అదే మ్యాచ్‌లో కొత్త బంతితో ఒక్క ఓవర్లో ఫిల్ సాల్ట్‌కు 26 పరుగులు సమర్పించుకున్నదీ అతనే. మూడు వన్డేల అనుభవమున్న బౌలర్‌కు దొరికిన కొత్త బంతి 44 వన్డేల్లో 71 వికెట్లు తీసినవాడికి ఎందుకు దొరకదు? ఆ 71 వికెట్ల సగటు వికెట్‌కు 24 పరుగులు. ఈ లెక్క సెలక్షన్ గదిలోకి రాలేదా?

ఇక రెండో సగానికి వద్దాం. బంతి పాతబడితే సిరాజ్ పనికిరాడన్నది అసలు ఆరోపణ. 2022 జులైలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వెస్టిండీస్ చివరి ఓవర్లో 15 పరుగులు చేస్తే గెలుస్తుంది. క్రీజులో రొమారియో షెపర్డ్, అకీల్ హొసేన్. శిఖర్ ధావన్ బంతిని ఇచ్చింది సిరాజ్‌కు. భారత్ 3 పరుగులతో గెలిచింది. అది యాభయ్యో ఓవర్. అంతకన్నా పాత బంతి వన్డేల్లో ఉండదు.

ఇది పోర్ట్ ఆఫ్ స్పెయిన్ కాబట్టి ముంబైలో మరిచిపోయారనుకుందాం. ఉప్పల్ సంగతి? 2023 జనవరి 18, న్యూజిలాండ్‌తో మ్యాచ్. శుభ్‌మన్ గిల్ ద్విశతకంతో భారత్ 349 చేసింది. 131కి ఆరు వికెట్లు పోయిన న్యూజిలాండ్‌ను మైకేల్ బ్రేస్‌వెల్, మిచెల్ శాంట్నర్ 162 పరుగుల భాగస్వామ్యంతో గెలుపు ముంగిటికి తెచ్చారు. స్టేడియం నోరు పెగలక కూర్చుంది. 46వ ఓవర్లో వరుస బంతుల్లో శాంట్నర్‌ను, హెన్రీ షిప్లీని పంపించి మ్యాచ్‌ను తిప్పింది సిరాజే. రెండు జట్లూ కలిసి 686 పరుగులు బాదిన ఆ వికెట్ మీద అతని లెక్క పది ఓవర్లు, 46 పరుగులు, 4 వికెట్లు. భారత్ నెగ్గింది 12 పరుగులతో. ఆ రోజు కెప్టెన్ మరెవరో కాదు, రోహిత్ శర్మే. సరిగ్గా రెండేళ్ల తర్వాత అదే తేదీన, అదే నోటితో, ఈ కుర్రాడు చివరి ఓవర్లకు పనికిరాడని చెప్పాడు. ఉప్పల్‌లో ఆ రాత్రి గొంతు చించుకున్న జనానికి ఇది కేవలం అభిప్రాయభేదంగా కనిపించదు, అవమానంగా కనిపిస్తుంది.

అసలు వన్డేల్లో పాత బంతి అనే మాటే సగం డొల్ల. 2011 అక్టోబరు నుంచి 2025 జులై దాకా ఇన్నింగ్స్ పొడవునా రెండు కొత్త బంతులు వాడారు, ఒక్కో వైపు నుంచి ఒక్కోటి. యాభై ఓవర్లు ముగిసేసరికి ఒక్కో బంతి వయసు 25 ఓవర్లే ఉండేది. టెస్టుల్లో ఎనభై ఓవర్లు అరిగిన బంతితో మొన్న ఆస్ట్రేలియాలో ఐదు టెస్టులూ ఆడి, 150కి పైగా ఓవర్లు మోసి, 20 వికెట్లు తీసినవాణ్ని పట్టుకుని పాతిక ఓవర్ల బంతి చేతకాదంటున్నారు. అక్కడ బుమ్రా నడుం విరిగేదాకా బరువు మోస్తుంటే రెండో వైపు నిలబడినవాడు ఇతనొక్కడే.

సిరాజ్ బౌలింగ్ ఎక్కడ నేర్చాడో తెలిసినవాళ్లకు ఈ ఆరోపణ మరీ వింతగా ఉంటుంది. ఫస్ట్ లాన్సర్ ఈద్గా మైదానంలో టెన్నిస్ బంతితో పెరిగినవాడు. మూసీకి ఆ వైపునున్న బస్తీ అయినా ఆ ఆట పాతబస్తీ ఆటే. తోలు బంతి అతని చేతికొచ్చేసరికి ఇరవై ఏళ్లు దాటాయి. చార్మినార్ క్రికెట్ క్లబ్‌లో చేరింది ఆ తర్వాతే. శాలిబండలో, తలాబ్‌కట్టలో, బార్కస్‌లో రాత్రి దీపాల కింద టెన్నిస్ బంతి టోర్నీలు చూసినవారెవరినైనా అడగండి. ఆరు ఓవర్ల మ్యాచ్‌లో ప్రతి ఓవరూ చివరి ఓవరే. టెన్నిస్ బంతి స్వింగ్ మీద ఆశ పెట్టుకోనివ్వదు, సీమ్ అసలుండదు. బ్యాట్స్‌మన్ ప్రతి బంతికీ సిక్సర్ కోసమే చూస్తాడు, బౌలర్‌కు కాళ్ల దగ్గర పడే యార్కరే దిక్కు. ఆ బడిలో చదివినవాడికి బంతి మెరుపు పోతే చేతులు ఆడవని చెప్పడం ఆట తెలిసినవాళ్లు అనవలసిన మాట కాదు. రంజీలో 2016-17 సీజన్లో హైదరాబాద్‌కు 41 వికెట్లు తెచ్చిపెట్టింది కూడా ఆ బడి చదువే.

సిరాజ్ మెరుపులు కొత్త బంతితోనే ఎక్కువన్నది నిజమే. 2023 సెప్టెంబరులో కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి శ్రీలంకను 50కే చుట్టేసింది కొత్త బంతితోనే. అదే ఏడాది వన్డేల్లో 44 వికెట్లు తీశాడు, ఐసీసీ ర్యాంకుల్లో ఒకటో స్థానానికి ఎక్కాడు. కొత్త బంతితో ఇంత చేయగలవాణ్ని చూసి ఏ జట్టయినా ఆ బంతి అతనికే ఇస్తుంది. మనవాళ్లు మాత్రం కొత్త బంతితో బాగా వేస్తాడన్న ప్రతిభనే నేరంగా మార్చి తీర్పు రాశారు.

పైగా ఆ బంతిని లాక్కున్నదెవరు? 2023 ప్రపంచకప్‌లో వరుసగా పది మ్యాచ్‌ల్లో బుమ్రాతో కలిసి దాడి మొదలెట్టింది సిరాజ్. వాంఖడేలో శ్రీలంక 55కే కూలినప్పుడు 16 పరుగులకు 3 వికెట్లు అతనివే. నవంబరు 19న అహ్మదాబాద్ ఫైనల్ రాగానే కొత్త బంతి షమీకి వెళ్లింది. సిరాజ్ పవర్‌ప్లే అంతా ఫీల్డింగ్ చేస్తూ నిలబడ్డాడు. బంతి చేతికొచ్చేసరికి ట్రావిస్ హెడ్ పాతుకుపోయాడు. పదింట గెలిపించిన పద్ధతిని పదకొండో రోజున మార్చింది కెప్టెనే. ఇప్పుడు కొత్త బంతి లేకుండా ఇతను రాణించలేడని తేల్చిందీ కెప్టెనే.

అహ్మదాబాద్ ఊసు ఎత్తాక ఇంకో నిజమూ చెప్పుకోవాలి. ఆ ఫైనల్ పోయింది బంతి వల్ల కాదు, బ్యాట్ వల్ల. మొదటి పది ఓవర్లలో 80 పరుగులు చేసిన జట్టు మిగతా నలభై ఓవర్లలో కొట్టినవి నాలుగే నాలుగు బౌండరీలు. 2019 ప్రపంచకప్‌లో మాంచెస్టర్ సెమీఫైనల్లో 5 పరుగులకు 3 వికెట్లు, 24కు 4. 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో ఓవల్‌లో పాకిస్తాన్ చేతిలో 180 పరుగుల ఓటమి. 2022 టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్లో అడిలైడ్‌లో పవర్‌ప్లేలో చేసింది 38 పరుగులు, ఇంగ్లండ్ 16 ఓవర్లలో వికెట్ పోకుండా లక్ష్యాన్ని ఊదేసింది. బ్రిడ్జ్‌టౌన్‌లో నిరుడు టీ20 కప్పు గెలిచిన గౌరవం ఈ కెప్టెన్‌కు ఎవరూ కాదనరు. కానీ యాభై ఓవర్ల ఆటలో 2013 తర్వాత 2025 ఫిబ్రవరి దాకా ఒక్క ఐసీసీ కప్పూ రాలేదంటే, పెద్ద మ్యాచ్‌లో మన జట్టు మళ్లీ మళ్లీ తడబడేది ఎక్కడో స్పష్టంగానే ఉంది. ఆ జబ్బుకు మందు వెతకకుండా ఓ బౌలర్‌కు లేని రోగం అంటగట్టడం చూస్తే ఆడలేక మద్దెల ఓడన్న సామెత గుర్తుకు రాక మానదు.

ఈ పద్ధతి కొత్తది కాదు. హైదరాబాద్‌కు బాగా తెలిసినదే. 2019 ఏప్రిల్‌లో ప్రపంచకప్ జట్టులో నాలుగో స్థానానికి అంబటి రాయుడును కాదని విజయ్ శంకర్‌ను తీసుకున్నప్పుడు అప్పటి చీఫ్ సెలక్టర్, గుంటూరువాడే అయిన ఎంఎస్‌కే ప్రసాద్ మూడు కోణాల ఆటగాడన్న మాట వాడారు. వినడానికి బాగుంది, పత్రికల్లో శీర్షిక అయింది. రాయుడును ప్రత్యామ్నాయ ఆటగాళ్ల జాబితాలో ఉంచారు. తర్వాత విజయ్ శంకర్ గాయపడ్డాడు. ఖాళీ వచ్చింది. పిలుపు మాత్రం అప్పటికి ఒక్క వన్డే ఆడని మయాంక్ అగర్వాల్‌కు వెళ్లింది. 55 వన్డేల్లో 47 సగటు ఉన్న రాయుడు రెండు రోజుల్లో ఆటకు వీడ్కోలు చెప్పాడు. వారం తిరిగేసరికి మాంచెస్టర్‌లో నాలుగో స్థానంలో నిలబడగలవాడు లేక జట్టు కూలింది. ఆరేళ్ల తర్వాత అదే వరస చూస్తున్నాం. చెవికింపైన ఓ మాట, పేరుకు ప్రత్యామ్నాయ జాబితా, ఖాళీ వచ్చిన రోజున ఆ జాబితాను పక్కన పెట్టడం.

జట్టు కూర్పు చూస్తే ఈ మొండితనం ఇంకా బయటపడుతుంది. బ్యాట్స్‌మన్ జైస్వాల్‌ను తీసేసి వరుణ్ చక్రవర్తిని చేర్చుకోవడంతో స్పిన్నర్లు ఐదుగురయ్యారు. హార్దిక్ పాండ్యాను పక్కన పెడితే పేసర్లు ముగ్గురే. షమీ గాయంతో ఏడాదికి పైగా అంతర్జాతీయ ఆటకు దూరంగా ఉండి ఇప్పుడిప్పుడే తిరిగొచ్చాడు. 2025 ఫిబ్రవరి నాటికి అర్ష్‌దీప్ పది వన్డేలు పూర్తిచేయలేదు. హర్షిత్ మూడు ఆడాడు. ఈ ముగ్గురిలో ఒక్కరికి కాలు బెణికినా కప్పు దారిలో మిగిలేది అరకొర అనుభవమే. దుబాయ్ వికెట్లు స్పిన్‌కు సహకరిస్తాయన్న వాదనలో బలముంది. అయితే ఐదో స్పిన్నర్‌కు దొరికిన చోటు నాలుగో పేసర్‌కు ఎందుకు దొరకలేదో ఆ వాదన చెప్పదు.

నిరుడు శ్రీలంకలో మూడు వన్డేల్లో సిరాజ్ ఆకట్టుకోలేదన్న మాట వినిపిస్తోంది. 2024లో భారత్ ఆడినవే మూడు వన్డేలు. ఆ మూడింటితో అంతకు ముందు రెండేళ్ల 68 వికెట్లు తుడిచిపెట్టుకుపోతాయా? ఫామ్ సరిగా లేదనే అసలు ఉద్దేశమైతే ఆ మాటే చెప్పాలి. కష్టమైన నిజం ఆటగాడు భరిస్తాడు. తండ్రి పోయిన కబురు ఆస్ట్రేలియాలో విని, ఇంటికి రాకుండా జట్టుతో ఉండిపోయి, ఆ సిరీస్‌లోనే టెస్టు టోపీ అందుకున్నవాడికి ధైర్యం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. అతను భరించనవసరం లేనిది అబద్ధం.

ఒక హెచ్చరిక అభిమానులకు కూడా. ఈ నిర్ణయానికి మతం రంగు పులిమే మాటలు రెండు రోజులుగా అక్కడక్కడా వినిపిస్తున్నాయి. వాటిని ఈ పత్రిక ఖండిస్తోంది. ఈ జట్టు పేస్ దళానికి పెద్ద దిక్కు షమీయేనన్న నిజం ఆ మాటలకు జవాబు. గత జులైలో టీ20 కప్పు నెగ్గి వచ్చిన సిరాజ్‌కు మెహిదీపట్నం నుంచి ఈద్గా మైదానం దాకా దారి పొడవునా పట్టిన హారతి ఏ ఒక్క మతం పట్టినది కాదు. అయితే ఇలాంటి అనుమానాలకు ఎరువు వేస్తున్నది కారణాలు దాచే సెలక్టర్లేనన్న సంగతీ మరవకూడదు. ఒక మాట చెప్పి దానికి వ్యతిరేకంగా నడిచే కమిటీ ఊహాగానాలను ఆపలేదు.

అగార్కర్ కమిటీ ఇప్పటికైనా నోరు విప్పాలి. కొత్త బంతి ఖాళీ అయిన రోజున ఆ బంతికి అలవాటుపడిన బౌలర్‌ను ఎందుకు కాదన్నారో, ఆ సుదీర్ఘ చర్చలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్, ఉప్పల్ ప్రస్తావనకు వచ్చాయో లేదో చెప్పాలి. ఫామ్ కారణమైతే ఫామ్ అని, కూర్పు కారణమైతే కూర్పు అని చెప్పి జనవరి 18 నాటి మాటను వెనక్కి తీసుకోవాలి. జట్టులో మార్పు కావాలంటే ఇకపై ఐసీసీ సాంకేతిక కమిటీ అనుమతి తీసుకోవాలి, కానీ దారి మూసుకుపోలేదు. పేసర్లలో ఎవరికి ఏ చిన్న ఇబ్బంది వచ్చినా మొదటి విమానం టికెట్ సిరాజ్ పేరున ఉండాలి. బంగ్లాదేశ్‌తో తొలి మ్యాచ్ 2025 ఫిబ్రవరి 20న.