పరిచారిక చేతులు



మనవారెవరైన ఆసుపత్రిలో నున్నపుడు వైద్యుడు వచ్చెనా, మందిచ్చెనా యని యడుగుదుము. కట్టుకట్టు నర్సు చేతులెట్లున్నవో విచారించుట యరుదు. మిరపకాయలు దంచిన చేయి మండుచుండగా మరియొక పని చేయుట యెట్టిదో మనకు తెలియనిది కాదు. దినమున కనేక పర్యాయములు చేతులు కడిగికొనవలసినవారి బాధయు నట్టిదే. ఆ బాధను వినని చోటను, విన్న చోటను ఏమి జరిగెనో చెప్పెదను.

వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతిశాలలుండెను. ఒకదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పని నేర్చుచుండిరి. 1846లో మొదటి శాలలో బాలింతలు నూటికి 11 మందికి పైగా మరణించిరి. రెండవ శాలలో ముగ్గురికి లోపు. విద్యార్థులు శవపరీక్ష చేసిన చేతులతోనే పురుడు పోయ వచ్చుచుండుటయే దీనికి కారణము. సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు దీనిని గ్రహించి, 1847 మే నెలలో, క్లోరిను గల సున్నపు నీటితో చేతులు కడుగక యెవ్వరును బాలింతను తాకరాదని శాసించెను. ఏప్రిలులో నూటికి 18గా నున్న మరణములు జూనులో 2కు దిగెను. అయినను పెక్కుమంది వైద్యులకు, తమ చేతులే మృత్యుహేతువులనుట రుచింపలేదు. ఆ నీరు చర్మమును మండించునది కూడ. శాసనము మంచిదే, కాని పాటించువారి మనస్సును గెలువలేదు. 1849లో సెమ్మెల్‌వైస్ ఆ పదవిని కోల్పోయెను.

ఇక అమెరికాలోని బాల్టిమోరు. అచ్చటి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, 1889–90 శీతకాలమున, శస్త్రచికిత్సశాలకు ప్రధాన పరిచారికయైన కారొలైన్ హాంప్టన్, పాదరసపు మందునీటివలన తన చేతులు పుండ్లుపడుచున్నవని మొరపెట్టుకొనెను. డాక్టరు హాల్‌స్టెడ్ ఆమెను కసరలేదు; రబ్బరు కంపెనీచేత రెండు జతల పలుచని చేతితొడుగులు చేయించెను. పరిచారిక చేతులకై పుట్టిన తొడుగులు పిమ్మట రోగులకును కవచములైనవి. వానిని ధరించి చేసిన శస్త్రచికిత్సలలో గాయములు చీముపట్టుట మిక్కిలి తగ్గెనని 1899లో బ్లడ్‌గుడ్ అను వైద్యుడు ప్రకటించెను.

స్విట్జర్లాండులోని జెనీవా ఆసుపత్రియు నీ త్రోవనే నడిచెను. మాటిమాటికి కుళాయికడకు పోవ తీరిక లేని సిబ్బందికి, ఆల్కహాలు ద్రవపు సీసాలను రోగుల మంచములకడనే యుంచిరి. సిబ్బంది సలహాలతోనే గోడపత్రములు వ్రాయించిరి. 1994లో చేతులు శుభ్రపరచుకొనవలసిన సందర్భములలో నూటికి 48 మాత్రమే పాటింపబడుచుండగా, 1997 నాటికి 66 ఆయెను. ఆసుపత్రిలో అంటుసోకిన రోగుల సంఖ్యయు తగ్గెను.

తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరమని సామెత. సేవకురాలి చేయి పగిలిన చోట శుభ్రత చిరకాలము నిలువదు. కావున నర్సు చెప్పుకొను కష్టమును సోమరితనమని తలపరాదు. రోగి మేలునకే యది తొలి హెచ్చరిక. మీ యింటి ఆడపడుచో కోడలో ఆ వృత్తిలో నున్నచో, చేతులు మండుచున్నవని అధికారులతో నిస్సంకోచముగా చెప్పుమని ప్రోత్సహింపుడు. మీరు రోగిని చూడబోయినపుడు, నర్సు చేతులు కడిగికొని వచ్చునంతవరకు తొందరపెట్టక, మీరును చేతులు కడిగికొని మంచము చేరుడు. ఆ క్షణకాలపు ఓరిమి మనవారి ప్రాణమునకు రక్ష.