ఇల్లు అమ్మబడును, పేరు చెప్పండి

భీమిలిలో సముద్రానికి దగ్గరగా ఒక ఇల్లు అమ్మకానికొచ్చింది. రెండు గదులు, వరండా, బావి, నాలుగు కొబ్బరిచెట్లు. ఎవరో వేసవి సెలవుల కోసం కట్టుకున్నది. పిల్లలు విదేశాలకెళ్లిపోయాక తాళం పడింది. అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం తలా కొంత వేసుకుని కొందామనుకున్నాం. ఫోన్లో మా తెలుగు విని ఇంటాయన ముచ్చటపడ్డాడు. ధర చెప్పాడు, ఆదివారం వచ్చి చూసుకోమన్నాడు. ఆఖర్న పేరడిగాడు. చెప్పాం. ‘ఇంట్లోవాళ్లతో ఒకమాట అనుకుని చెబుతానండీ’ అన్నాడు. ఇంకా అనుకుంటూనే ఉన్నారు. బోర్డూ అలాగే ఉంది.

ఇది చెబితే మా సెక్యులర్ మిత్రులే నవ్వారు. తలదాచుకునే కొంప దొరకలేదంటే అర్థముంది గానీ, విహారానికి ఇల్లు దొరకలేదని ఈ గోలేమిటన్నారు. అక్కడే మాకు కాలింది. మా పంక్చర్ షాపు మీద, మా ఇరుకు గల్లీ మీద జాలిపడడానికి వీళ్లెప్పుడూ సిద్ధమే. మా అమ్మీ నెలరోజులు సముద్రగాలికి కూర్చోవాలని కోరుకుంటే మాత్రం అది విలాసమైపోతుంది! పేదవాళ్లుగా ఉన్నంతవరకే మాకు జరిగేది అన్యాయమా? డబ్బు చేతబట్టుకుని నిలబడ్డవాడికే తలుపు తీయకపోతే, అద్దెగది కోసం తిరిగే మావాడి గతేమిటి?

మేం కూర్మన్నపాలెం వాళ్లం. స్టీల్‌ప్లాంట్ ఆర్చి నీడన బతికినవాళ్లం. ఉక్కునగరంలో క్వార్టర్ మతాన్ని బట్టి రాదు, జాబితాలో వంతొస్తే వస్తుంది. (సేమ్యా, అరిసెలు ఇచ్చిపుచ్చుకున్న కథలు ఇక్కడ చెప్పం, అవి అందరూ చెప్పేవే.) మాకు ముఖ్యం ఆ జాబితా. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటును నూటికి నూరు శాతం అమ్మేయాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. మా కూడలిలోనే దీక్షా శిబిరం వెలిసింది. ఉద్యోగాల గురించి మాట్లాడారు, సొంత గనుల గురించి మాట్లాడారు. పేరు అడగని ఇల్లు ఒకటి పోతుందని మేం విన్నంతలో ఎవరూ అనలేదు. ప్లాంటు అమ్మినా, మావాడు రిటైరైనా, పడేది ‘పేరు చెప్పండి’ అనే బజార్లోనే.

చట్టం చూద్దామా? రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలున్నాయి, హోటళ్లున్నాయి, బావులు, చెరువులు, స్నానఘట్టాలున్నాయి. ప్రైవేటు ఇంటి అమ్మకం లేదు. పార్సీల హౌసింగ్ సొసైటీ తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లింలకు ఇల్లు కొనడం, అద్దెకు దొరకడం కష్టమౌతోందని 2006లో సచార్ కమిటీ రాసింది. రాసి ఊరుకుంది. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికే, 1968 ఏప్రిల్‌లో, జాతి పేరుతో, మతం పేరుతో ఇల్లు నిరాకరించడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చారు. దాంతో అక్కడ వివక్ష పోయిందని మేం అనం. కోర్టుకెళ్లడానికి ఒక గుమ్మమైనా ఏర్పడింది.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల్ని వచ్చినవాళ్లకల్లా చూపిస్తారు. ఎక్కడినుంచో వ్యాపారానికొచ్చి చచ్చిపోయినవాళ్లు ఊరికి అలంకారమయ్యారు. ఇక్కడే పుట్టిన మేం పొరుగువాళ్లం కాలేకపోయాం. విశాఖ రేవులో దర్గాకొండ ఎక్కి మొక్కుకునే హిందువులకు మా మతం అడ్డురాదు. పక్కింట్లోకి మేం వస్తామంటే అడ్డొస్తుంది.

2022లో ఉర్దూను రెండో అధికార భాషగా చేసింది మన శాసనసభే. ఇల్లు అమ్మేటప్పుడూ అద్దెకిచ్చేటప్పుడూ మతం, కులం చూసి కాదనడాన్ని నేరం చేస్తూ ఒక చట్టం తేలేదా? ఈ మాట మేమొక్కళ్లమే అడిగితే మతం గొడవ అంటారు. దళిత మిత్రులూ మాతో కలిసి అడగాలి. వాళ్లనైతే ఇంటిపేరు దగ్గరే ఆపేస్తున్నారు.