మా హాల్లో కాలవ చేపలు

పోయినవారం మాగాయ ముక్కలకి ఎండ చాలకపోతే ఏం చెయ్యాలో చెప్పుకున్నాం కదా. ఈ వారం కాసేపు వంటింట్లోంచి హాల్లోకి వద్దాం.

మా హాల్లో కిటికీకి ఎదురు గోడ దగ్గర ఒక గాజు తొట్టి ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్ని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. "ఇవి పరిగెలు కదండీ! పులుసు పెట్టుకునే చేపల్ని అక్వేరియంలో పెట్టారేమిటి?" అని మా పక్కింటి పిన్నిగారు ఎంత నవ్వారో! నవ్వనివ్వండి. ఆ పరిగెలు మా ఇంటికి రావడం వెనక నేను చేసిన ఒక తప్పు ఉంది. అది మీకు చెప్పుకుంటే నా మనసు కాస్త తేలికపడుతుంది.

ఆరేళ్ళ కిందట మా పెద్దాడు పేచీ పెడితే రాజమండ్రిలో ఈ తొట్టి కొన్నాం. నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, పాచి తింటుందని ఒక సక్కర్ చేప కూడా తెచ్చాం. కుళాయి నీళ్ళు తిన్నగా పట్టి పోసేశాను. బ్లీచింగ్ వాసన వస్తూనే ఉంది, అయినా తోచలేదు. వారం తిరక్కుండా గోల్డ్‌ఫిష్‌లు నాలుగూ పోయాయి. సక్కర్ మాత్రం మొండిది, బతికింది. వేలెడంత ఉన్నది రెండేళ్ళకి జానెడు దాటి తొట్టిలో తిరగడానికి చోటు చాలక గోడలకి కొట్టుకునేది. నాకు జాలేసింది. "కాలవలో వదిలేసి రారా, పుణ్యం వస్తుంది" అన్నాను. వాడు వదిలేసి వచ్చాడు.

తర్వాత ఒకనాడు మా వీధికి చేపలు తెచ్చే అతను బుట్ట దింపి, అడుగునుంచి ఒక నల్లటి చేపని తీసి చూపించాడు. ఒళ్ళంతా గరుకు పెంకులు, నోరు కిందికి. "ఇది తింటానికీ పనికిరాదు, అమ్ముకుంటానికీ పనికిరాదండి అమ్మగారూ. వల మాత్రం సింపేత్తంది" అన్నాడు. చూడగానే గుర్తుపట్టాను. అది నేను వదిలించినదే అని చెప్పలేను, నాలాంటి వాళ్ళు ఎంతమంది వదిలారో! కానీ వదిలినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా. ఆ పూట ఆయన దగ్గర బేరమాడకుండా చేపలు తీసుకున్నాను.

ఈ సక్కర్ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికా. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. మన కాలవ గట్లకి ఎలకలూ ఎండ్రకాయలూ చాలవన్నట్టు ఇదొకటి. చేపల చెరువుల వాళ్ళు దీన్ని 'దెయ్యం చేప' అంటున్నారు. తూర్పు కనుమల్లోని నీళ్ళలోకి కూడా ఇది చేరిందని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తేల్చారు. మనకిది కొత్త కథేం కాదండీ. కాలవల్లో నీళ్ళు పారనివ్వకుండా అల్లుకుపోయే గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికాదే. పువ్వు ఊదారంగులో అందంగా ఉందని మురిసి పెంచుకున్నవాళ్ళ వల్లే అది దేశదేశాలకీ పాకింది. అందం కోసం తెచ్చుకున్నది గుమ్మం దాటితే ఏమవుతుందో మన కోనసీమ వాళ్ళకి వేరే చెప్పాలా?

అందుకే ఆ తొట్టిని కడిగి, ఎండలో బాగా ఎండబెట్టి, ఈసారి మన కాలవ చేపలే పెట్టాలనుకున్నాం. మీకూ సరదా ఉంటే ఇలా చెయ్యండి.

కావలసినవి: రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టి, దాని కింద పరవడానికి థర్మోకోల్ షీటు, ముతక ఇసుక ఏడెనిమిది కిలోలు, చిన్న గాలి పంపు, స్పాంజి ఫిల్టరు, పైన కప్పడానికి దోమతెర బిగించిన చట్రం, కాలవలో దొరికే నాచు నాలుగు గుప్పిళ్ళు.

చేసే పద్ధతి: ఈ తొట్టిలో సుమారు 50 లీటర్ల నీళ్ళు పడతాయి. ఇసుకా గాజూ కలిపి 70 కిలోలకి దగ్గర తూగుతుంది. కాబట్టి టీవీ స్టాండు మీద పెట్టకండి, గట్టి బల్ల ఉండాలి. ఎండ పడే కిటికీ పక్కన వద్దు, పాచి పట్టేస్తుంది. జొన్నాడ దగ్గర గౌతమి ఇసుక మాకు సులువుగా దొరుకుతుంది. దాన్ని బియ్యం కడిగినట్టు, పై నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి అంగుళం మందాన పరవండి. కుళాయి నీళ్ళయితే మూత లేని బకెట్లలో ఒక రోజంతా ఉంచి, అప్పుడు పొయ్యండి. నాచులో గుర్రపుడెక్క పిలకలు, నత్తలు లేకుండా ఏరెయ్యండి. సబ్బు, గిన్నెల పౌడరు తొట్టి ఛాయలకి రానివ్వద్దు.

ఇక్కడే అందరం తొందరపడతాం. నీళ్ళు పోసిన రోజే చేపలు వేసేస్తాం. ఇంటర్లో బైపీసీ చదివానే గానీ ఈ సంగతి నాకూ ఆలస్యంగానే అర్థమయింది. చేపల విసర్జనలోంచి అమ్మోనియా పుడుతుంది. అది వాటికి విషం. ఇసుకలోనూ స్పాంజిలోనూ పెరిగే మంచి బాక్టీరియా దాన్ని విరిచేసి, మొక్కలకి ఎరువుగా మారుస్తుంది. ఆ బాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలకి తోడు వెయ్యకుండా పెరుగు రమ్మంటే వస్తుందా? ఎవరింట్లోనైనా ఆరోగ్యంగా ఉన్న తొట్టి ఉంటే గుప్పెడు ఇసుక తెచ్చి వెయ్యండి, అదే తోడు. మొదట నాలుగు చేపలు, నెల దాటాక ఇంకో నాలుగు. ఈ తొట్టికి ఎనిమిది, పది చిన్న చేపలు చాలు.

ఇక చేపలు. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు అక్కడక్కడా గుంటల్లో కాసిని నీళ్ళు మిగులుతాయి. వాటిలో చేపలు ఎలాగూ కొంగలకో ఎండకో పోయేవే. పొద్దున్నే మావారూ మా పెద్దాడూ పాత పంచె చెరో వైపు పట్టుకుని దేవుకొచ్చారు. పిల్లల్ని మాత్రం ఒంటరిగా కాలవ దగ్గరికి పంపకండి. పురుగుమందు కొట్టిన చేల పక్క బోదెల్లో పట్టకండి.

తొట్టికి బాగా కుదిరేవి పరిగెలు. తోక మొదట్లో నల్ల బొట్టు పెట్టినట్టుంటుంది. నాలుగైదు కలిసి తిరిగితేనే వాటికి ధైర్యం. ఇంకోటి, నుదుటి మీద వెండి చుక్క మెరిసే సన్నటి చేప. నీళ్ళ పైపైనే తిరుగుతూ దోమ పిల్లల్ని మింగుతుంది. ఒళ్ళు గాజులా ఉండి లోపలి ముల్లు కూడా కనిపించే చిన్న చేప మరొకటి. ఈ గాజు చేపలకే సూదితో రంగెక్కించి అమ్మేవారు, పాపం.

ఏది పడితే అది వెయ్యకండి. మా పెద్దాడు ముచ్చటపడి అంగుళంన్నర మట్టగిడస పిల్లని తెచ్చి వేశాడు. నెల తిరిగేసరికి అది వేలంత అయింది, ఎనిమిది పరిగెలు ఐదయ్యాయి. కొరమేను, మట్టగిడస తోటి చేపల్ని తినేస్తాయి. గొరక ఎగిరి బయటపడి నేలమీద పాకుతుంది. బొమ్మిడాయి సందు దొరికితే జారుకుంటుంది. వాటిని వంటింటికే ఉంచండి.

తెచ్చిన చేపల్ని రెండు వారాలు వేరే టబ్బులో ఉంచండి. పది లీటర్లకి ఒక చెంచా కల్లుప్పు వేస్తే మంచిది. పుళ్ళూ పురుగులూ లేవని చూసుకున్నాకే తొట్టిలోకి మార్చండి. మార్చేటప్పుడు తొట్టి నీళ్ళు గ్లాసు గ్లాసు చొప్పున అరగంటసేపు కలుపుతూ అలవాటు చెయ్యండి. మేతకి ఉప్పు లేని ఎండు రొయ్యపొట్టు నలిపి చిటికెడు, రెండు నిమిషాల్లో అయిపోయేంతే. వారానికోసారి పావు వంతు నీళ్ళు తీసి, కొత్తవి పొయ్యండి. స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే పిండాలి. కుళాయి కింద పిండితే మన తోడంతా పోయినట్టే. మిగిలిన నీళ్ళు కరివేపాకు మొక్కకి పొయ్యండి, ఎంత ఏపుగా వస్తుందో చూడండి.

మన చేపలే కదా అని బుట్టల కొద్దీ పట్టుకురాకండి. కేరళ వాగుల్లో 'మిస్ కేరళ' అనే ఎర్ర చార చేప ఉంది. పై దేశాల అక్వేరియంల కోసం పట్టగా పట్టగా అది అంతరించే ప్రమాదంలో ఉన్న చేపల జాబితాలో చేరింది. మనకి పది చాలు.

చివరిగా నా మనవి ఒక్కటే. తొట్టి మీద విసుగొస్తే చేపల్ని కొన్న షాపులో ఇచ్చెయ్యండి, లేదా పెంచుకునేవాళ్ళకి ఇవ్వండి. జాలిపడి కాలవలో మాత్రం వదలకండి. షాపు చేపలతో కలిసి తిరిగిన పరిగెనైనా వదలొద్దు, వాటి జబ్బు దీంతోపాటు కాలవకి పోతుంది. పుణ్యం అనుకుని నేను చేసింది చాలు.

మొన్న చేపలతను వచ్చి, తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "మన పరిగెలు ఇంత బావుంటాయా అమ్మగారూ!" అన్నాడు. తొలకరికి మగ పరిగెల పక్కలు ఎరుపెక్కాయి లెండి. మావారు కూడా టీవీ కట్టేసి అక్కడే కూర్చుంటున్నారు. అంతకన్నా ఏం కావాలి?

ఉంటానండీ. వచ్చేవారం వానాకాలంలో పప్పులకి పురుగు పట్టకుండా ఏం చెయ్యాలో మాట్లాడుకుందాం.