సిస్టర్‌కి కూడా ప్రశ్నలుంటాయి

"మేడం, పెండ్లెప్పుడు చేసుకుంటవ్ అని అడిగితే ఏం చెప్పాలె?"

2022 మొదట్లో పోచంపాడ్ నుంచి ఆర్మూరు మీదుగా బస్సులో వచ్చి, నిజామాబాద్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. జిఎన్ఎం పూర్తి చేసింది. తల్లి బీడీలు చుడుతుంది. మర్నాడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 'ట్రైనీ స్టాఫ్ నర్స్' ఇంటర్వ్యూ. నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని కాబట్టి ఇంగ్లీషులో జవాబులు నేర్చుకోవడానికి వచ్చింది.

"మూడేళ్ల దాకా చేసుకోను సార్ అని చెప్పు. నవ్వుతూ చెప్పు" అన్నాను.

సెమినార్లలో స్త్రీవాదం మీద పత్రాలు చదివిన నేనే ఆ మాట అన్నాను. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమె చేతిలో ఒక నోటుబుక్కు ఉంది. మందుల మోతాదు లెక్కలు, రక్తం ఎక్కించే ముందు సరిచూసుకోవలసినవి, గుండె ఆగిన మనిషికి ముప్పైసార్లు ఛాతీ నొక్కి రెండుసార్లు శ్వాస ఇవ్వడం, అన్నీ పొందికగా రాసుకుంది. ఏది అడిగినా తడుముకోకుండా చెప్పింది. ఆమె భయం వాటి గురించి కాదు. నోటుబుక్కు చివరి పేజీలో వాళ్ల కాలేజీలో చెప్పిన జాగ్రత్తలున్నాయి. ఎదురు చెప్పకూడదు. ఏ డ్యూటీ అయినా సరే అనాలి. జీతం ఎంత అని మనం అడగకూడదు. 'సేవ చేయాలని ఈ వృత్తిలోకి వచ్చాను' అనాలి.

వాళ్లమ్మకు వెయ్యి బీడీలకు ఎంత వస్తుందో ఆకు కత్తిరించక ముందే తెలుసు. ఆ రేటు కోసం బీడీ కార్మికులు ధర్నాలు చేశారు, జెండాలు పట్టుకుని రోడ్డెక్కారు. బడి మొహం చూడని తల్లి అడగగలిగిన ప్రశ్నను, మూడేళ్లు చదివిన కూతురు అడగకూడదా? చదువు ఆమెకు గొంతు ఇచ్చిందా, ఉన్న గొంతు తీసుకుందా?

ఈ అణకువ పాఠం పాతదే. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పేరుతో నర్సింగ్ బడి మొదలైనప్పుడు విద్యార్థినుల శీలం గురించి నెలనెలా ఒక పట్టిక నింపేవారు. సమయపాలన, నెమ్మది, నమ్మకస్తురాలా కాదా, శుభ్రత, అన్నీ అందులో ఉండేవి. నర్సులంటే చులకనగా చూసే కాలంలో ఆ వృత్తికి గౌరవం తేవడానికి అదొక మార్గం అనుకున్నారు. సరే. నూటఅరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పట్టికే మన ఇంటర్వ్యూ గదిలో ఎందుకుంది? పెళ్లి గురించి, పిల్లల గురించి అడిగేది నర్సు నైపుణ్యం తెలుసుకోవడానికా? కాదు. 2017లో 26 వారాలకు పెంచిన ప్రసూతి సెలవు ఇవ్వాల్సి వస్తుందేమోనన్న లెక్క అది.

అడగకుండా ఎంపిక చేయడం కుదరదా? తెలంగాణ ప్రభుత్వం 2023 ఆగస్టులో స్టాఫ్ నర్సు ఉద్యోగాలకు రాత పరీక్ష పెట్టింది. పరీక్ష మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అప్పటికే కాంట్రాక్టు మీద, అవుట్‌సోర్సింగ్ మీద చేసిన సర్వీసుకు కొన్ని పాయింట్లు, అంతే. ఇంటర్వ్యూ లేదు. ఏడు వేల పోస్టులు నింపడానికి ఎవరి పెళ్లి గురించీ తెలుసుకోవలసిన అవసరం రాలేదు!

'ట్రైనీ' అన్న మాట సంగతీ చూడాలి. చదువుకున్న నర్సింగ్‌కీ వార్డులో ఎదురయ్యే నర్సింగ్‌కీ మధ్య అగాధం కొత్త నర్సుల్ని ఎలా కుంగదీస్తుందో అమెరికాలో మార్లిన్ క్రామర్ 1974లోనే పుస్తకం రాసింది. ఆ అగాధం దాటించడానికే అక్కడ రెసిడెన్సీలు వచ్చాయి. 2002 నుంచి చాలా ఆసుపత్రులు ఏడాది పాటు సీనియర్ల తోడు, పాఠాలు, జీతం ఇస్తూ కొత్తవాళ్లను నిలబెట్టే పద్ధతి పెట్టుకున్నాయి. అంటే అది ఆసుపత్రి నర్సుకి ఇచ్చే మాట. మా అమ్మాయి విషయంలో అది తలకిందులైంది. పేరుకు శిక్షణ. రెండో వారానికే రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్కతే. జీతం పన్నెండు వేలు. మూడేళ్ల బాండు. అసలు సర్టిఫికెట్లు ఆసుపత్రి బీరువాలో.

సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ ఏం చెప్పింది? యాభై పడకల కన్నా చిన్న ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000కు తగ్గకూడదని, రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని. కేరళలో నర్సులు ఏళ్ల తరబడి సమ్మెలు చేసి 2018లో 20,000 కనీస వేతనం నోటిఫికేషన్ తెప్పించుకున్నారు. ఎవరూ దయతలచి ఇవ్వలేదు.

అందుకే ఇంటర్వ్యూకి తయారు చేయడమంటే జవాబులు బట్టీ పట్టించడం కాదు, ప్రశ్నలు నేర్పడం. రాత్రి డ్యూటీలో ఒక నర్సుకి ఎంతమంది రోగులు? మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిలే చెప్పింది. నా పక్కన సీనియర్ ఎన్నాళ్లుంటారు? నా సర్టిఫికెట్లు నా దగ్గరే ఉంటాయా? లైంగిక వేధింపుల కమిటీలో ఎవరున్నారు? బట్టలు మార్చుకునే గది ఎక్కడ? ఈ చివరి ప్రశ్న చిన్నదనిపిస్తే అరుణా శాన్‌బాగ్‌ని తలుచుకోండి. 1973 నవంబరులో ముంబైలో, తను పనిచేసే ఆసుపత్రి నేలమాళిగలో, డ్యూటీ ముగించి బట్టలు మార్చుకోబోతూ ఆమె దాడికి గురైంది. 2015లో చనిపోయేదాకా నలభై ఒక్క ఏళ్లు ఆ మంచం మీదే ఉంది.

"ఇవన్నీ అడిగితే ఉద్యోగమిస్తరా మేడం?" అని మీరూ అడుగుతారు. నిజమే, ఇవ్వకపోవచ్చు. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక కూతురి జీతం మీదే పొయ్యి వెలిగే ఇళ్లు నాకు తెలుసు. ఆ పిల్లను ఒంటరిగా నిలబడి పోరాడమనడం నాకు తేలికే, పస్తుండేది ఆమె. అందుకే ఈ ప్రశ్నలు మొదట అడగవలసింది ఆమె కాదు. ఆమెను ఇంటర్వ్యూకి పంపే కాలేజీ అడగాలి. ఎంపికకు వచ్చే ఆసుపత్రుల నుంచి జీతం, పని గంటలు, బాండు షరతులు ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. సర్టిఫికెట్లు ఉంచుకునే ఆసుపత్రిని గేటు దాటనివ్వకూడదు. ఆ కాలేజీల్లో పాఠాలు చెప్పేదీ ఎక్కువగా ఆడవాళ్లమే కదా!

ఆ అమ్మాయి నేను చెప్పినట్టే నవ్వుతూ చెప్పింది. ఉద్యోగం వచ్చింది. మరుసటి ఏడు ప్రభుత్వ పరీక్ష రాసి ఎంపికైంది. అసలు సర్టిఫికెట్లు చూపించాలన్నారు. బాండు డబ్బు కట్టనిదే ఇవ్వమంది ఆసుపత్రి. వాళ్లమ్మ సంఘంలో లోన్ తీసి కట్టింది. ఎన్ని వేల బీడీలు చుడితే ఆ అప్పు తీరుతుందో నేను లెక్క వేయలేదు, వేసే ధైర్యం లేక.

మొన్న వాళ్ల చెల్లెలు వచ్చింది. బిఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం. అదే వరండా, అలాంటి నోటుబుక్కే.

"పెండ్లి గురించి అడిగితే ఏం చెప్పాలె మేడం?"

"ఆ ప్రశ్నకీ ఉద్యోగానికీ సంబంధమేంటని మీ కాలేజీ అడుగుతుంది. రేపు నేనొచ్చి మీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను" అన్నాను. నోటుబుక్కు చివరి పేజీ చింపేసి, కొత్త పేజీ మీద 'మనం అడగవలసినవి' అని రాయించాను.