అడుగుల ఇంటికి మిల్లీమీటర్ల ఇనుము

పద్మనాభంలోనో ఆనందపురంలోనో ఇల్లు మొదలుపెట్టిన రైతును తాపీమేస్త్రి అరంగుళం చువ్వలు తెమ్మంటాడు. దుకాణంలో అరంగుళం చువ్వ దొరకదు. గాజువాక పక్కనున్న ఉక్కు కర్మాగారం తయారుచేసేవన్నీ మిల్లీమీటర్ల చువ్వలే. దుకాణదారు 12 మిల్లీమీటర్లది చూపి "ఇదే అరంగుళం" అంటాడు. కాని అరంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. ఇంతేనా అని తీసిపారేయరాదు. ఒకే రకం ఇనుములో చువ్వ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన నూటికి దాదాపు 11 వంతులు తగ్గుతుంది. అరంగుళం లెక్కతో ఎనిమిది చువ్వలు వేయవలసిన చోట తొమ్మిది పడాలి. మేస్త్రి ఎనిమిదే వేస్తాడు. అందులో అతడి మోసం లేదు, నేర్చుకున్న లెక్క అది.

పొడవులోనూ ఇదే తంతు. "నలభై అడుగుల చువ్వ" అనేది నిజానికి 12 మీటర్లు, అంటే 39 అడుగుల 4 అంగుళాలు. ఇరవై చువ్వలకు పన్నెండడుగులకు పైగా లోటు. శ్లాబు కట్టే రోజున అది బయటపడుతుంది.

బరువుల విషయంలో మనవారు ఇంత తికమకపడలేదు. 1962లో మెట్రిక్ తూకం తప్పనిసరి అయ్యాక వీసెలు, మణుగులు క్రమంగా పోయాయి. నేడు సంతలో ముసలమ్మ కూడా కిలోల్లోనే బేరమాడుతుంది. ఇల్లూ భూమీ దగ్గరే చిక్కంతా. పొలం సెంట్లలో, స్థలం గజాలలో, ప్లాను చదరపు మీటర్లలో! సెంటుకు 48.4 చదరపు గజాలు. 48 అని సరిపెట్టుకుంటే ఎకరానికి 40 గజాలు పోయినట్లే. 200 గజాల స్థలం ప్లానులో 167 చదరపు మీటర్లుగా కనబడితే కంగారుపడనక్కరలేదు, స్థలం తగ్గలేదు. మీటరు ధరను గజం ధరగా చెప్పినప్పుడు మాత్రం కొనేవాడు దాదాపు ఐదోవంతు అదనంగా చెల్లిస్తాడు.

అడుగులు, గజాలు మానమని ఎవరినీ బలవంతపెట్టలేం. తూనికలు, కొలతల శాఖ ప్రతి ఇనుప దుకాణం ముందు తెలుగులో ఒక బోర్డు పెట్టించాలి. చువ్వ మందం ఎంత, పొడవెంత, ఒక్కొక్కటి ఎన్ని కిలోలు తూగాలి అన్నది అందులో ఉంటే చాలు. 12 మిల్లీమీటర్ల చువ్వ 12 మీటర్లకు సుమారు 10.66 కిలోలు తూగుతుంది. ప్లాను కాగితంలో మీటర్ల పక్కనే గజాలు వేయడానికి పంచాయతీకి ఖర్చేమీ కాదు.

వానలు వెలిస్తే శ్లాబుల పని మొదలవుతుంది. ఆ బోర్డులు అంతకుముందే వేలాడాలి.