నావికుడు నవ్వరాదా?

నౌకాదళపు నిత్యజీవనమును పరిహసించు బొమ్మల చలనచిత్రములు సేనాగౌరవమునకు భంగకరములని గంభీరవదనులైన పెద్దలు కొందఱు వాదించుచుందురు. ఓడపై నేల కడుగువాడును, వంటశాలలో కూరలు తరుగువాడును తెరపై నవ్వులపాలైనచో దేశరక్షణకే ముప్పట! నేరము మోపినవారు సాక్ష్యము చూపవలెను గదా. సాక్ష్యమో, వారికి ప్రతికూలముగా నున్నది.

1941లో అమెరికాయందు వెలువడిన 'ది మైటీ నేవీ' యను చిత్రమున పొపాయి నౌకాదళమున చేరి, శిక్షణలో తప్పుమీద తప్పు చేసి, వంటశాల పాలగును. శత్రునౌకలు పైబడినప్పుడు ఓడను గాచువాడును ఆతడే. పరిహాసము శౌర్యమునకు శత్రువని యెవరనగలరు? యుద్ధకాలమున ఆ దేశపు నౌకాదళమే తన నావికులకొఱకు 'మిస్టర్ హుక్' అను హాస్యచిత్రములను తీయించినది. ఆ పాత్రను కల్పించిన హాంక్ కెచం స్వయముగా నౌకాదళమున కొలువు చేసినవాడే. యుద్ధఋణపత్రములను తొందరపడి మార్చుకొనక దాచుకొనుడని నావికులకు నవ్వించుచు బోధించుటయే వాని యుద్దేశ్యము.

కావున నవ్వు నేరము కాదని ఏలినవారే యొప్పుకొనిరి. మా యాక్షేపణ వేఱొకటి. ఏలినవారు తీయించిన నవ్వు పల్లమునకే పాఱును. ఆ కాలముననే సైనికులకై తీసిన 'ప్రైవేట్ స్నాఫూ' చిత్రములలో 1943 నాటి 'గ్రైప్స్' అనునది చూడుడు. వంటశాల చాకిరిని గూర్చి స్నాఫూ సణుగును. మాయాశక్తిగల యొకడు వచ్చి పెత్తనము వానికే యప్పగించును. శిబిరమంతయు అస్తవ్యస్తమగును. ఫిర్యాదు చేయువాడు మూర్ఖుడని తీర్పు! ఆ ఫిర్యాదులో నిజమున్నదా యని విచారించినవారు లేరు.

నిజమును విచారింపనందుకు ఫలమేమో మనదేశము చూచినది. 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలో 'తల్వార్' శిక్షణకేంద్రపు నావికులు తినరాని తిండిని, ఆంగ్లాధికారుల జాతిదూషణములను సహింపలేక పని మానిరి. కొలది దినములలోనే 78 నౌకలు, 20 తీరస్థావరములు, సుమారు 20,000 మంది నావికులు వారితో కలిసిరి. నేడు తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానమైన మన విశాఖపట్టణమునను ఆ జ్వాల రగిలినది. వారెవ్వరును బొమ్మలచిత్రములు చూచి చెడినవారు కారు. పళ్లెములోని కూటిని చూచి మండినవారు.

పాఠకులారా! క్రమశిక్షణ వలదని మేము వాదింపము. నావికుని చూచి లోకము నవ్వవచ్చునేని, తన వంటశాలను, తన పై యధికారిని చూచి నావికుడును నవ్వవచ్చును. ఒక చెంపను మాత్రమే నవ్వింపజూచుట న్యాయము కాదు. కడుపులోని బాధను నవ్వుచు చెప్పినప్పుడే విన్న ప్రభువులకు, దానిని కేకలలో వినవలసిన దుర్దినము రాదు.