'ఒరేయ్' పోయి 'చినబాబుగారు' వచ్చేదెప్పుడు?

ఊళ్లో ఎవర్నడిగినా ఒకటే మాట. "మా ఊళ్లో కులపట్టింపులేం లేవండీ, పిల్లలంతా కలిసే ఆడుకుంటారు." నిజమే, ఆడుకుంటారు. ఎన్నేళ్లొచ్చేదాకా ఆడుకుంటారని మేం అడుగుతున్నాం.

ఏడెనిమిదేళ్ల దాకా వాడ పిల్లోడూ ఊరి పిల్లోడూ ఒకర్నొకరు ఒరేయ్ అనే పిలుచుకుంటారు. ఈతకాయల కోసం కలిసే తిరుగుతారు. పన్నెండు పదమూడేళ్లు వచ్చేసరికి ఆ ఒరేయ్ ఒకవైపే మిగులుతుంది. ఊరి పిల్లోడు అంటూనే ఉంటాడు. వాడ పిల్లోడు మొదట పేరు పెట్టి పిలవడం మానేస్తాడు. తర్వాత 'నువ్వు' అనాల్సిన చోట మాట మింగేస్తాడు. చివరికి 'చినబాబుగారూ' అంటాడు. ఎవరూ కొట్టి నేర్పక్కర్లేదు. వాళ్ల పెద్దావిడ నవ్వుతూనే "ఏరా, పేరు పెట్టి పిలిచేంతవాడివయ్యావా" అంటే చాలు. ఇంటికొస్తే మన అమ్మే "వాళ్లతో నీకెందుకురా" అంటుంది. ఆమె భయం ఆమెది. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర, 1991లో చుండూరులో సినిమాహాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది ఎందాకా పోయిందో విన్న తల్లులు వాళ్లు.

స్విట్జర్లాండులో పియాజే అనే పండితుడు పిల్లలు గోళీలాడుతుంటే పక్కన కూర్చుని చూసి, వాళ్లతో మాట్లాడి, 1932లో పుస్తకం రాశాడు. పిల్లలకి న్యాయం అంటే ఏందో పెద్దల ఆజ్ఞల వల్ల కాదు, తమ ఈడువాళ్లతో సమానంగా ఆడి, పోట్లాడి, రాజీపడి తెలుస్తుందని ఆయన చెప్పిన మాట. మన గోళీలాటకీ ఇది సరిపోతుంది. గోళీలాటలో అన్నిటికన్నా పెద్ద మాట 'తొండి'. ఆ మాట ఎదుటివాడి మొహం మీద అనగలిగితేనే ఆట, లేకపోతే చాకిరీ. మన పిల్లోడు తొండి అనలేక నోరు కట్టుకోవడం అలవాటు చేసుకుంటాడు. అవతలివాడు ఆ మాట వినకుండానే పెరుగుతాడు. చిన్నప్పుడు తొండి అనిపించుకోనివాడే రేపు కూలి లెక్కలో తొండి చేస్తాడు, అడిగితే వాడికి కోపం వస్తుంది. నష్టం ఇద్దరికీ అని కొందరంటారు. కావచ్చు. కానీ దెబ్బలు తినేది ఒకడే గదా!

క్రికెట్టు వచ్చాక కులం పోయిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. బ్యాటు ఎవరిదైతే బ్యాటింగు వాళ్లదే, ఎండలో బంతులేసేదీ ముళ్లకంపలో బంతి వెతికేదీ మనవాళ్లు. ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల కుర్రాళ్లని కలిపి క్రికెట్ పోటీలు పెట్టి, మాట్ లో అనే ఆయన 2021లో ఫలితాలు అచ్చువేశాడు. ఒకే జట్టులో ఆడినవాళ్లకి వేరే కులం స్నేహితులు పెరిగారు. ఎదురెదురు జట్లుగా తలపడినవాళ్లకి ఆ మేలు కలగలేదు. మరి సంక్రాంతి పోటీలకి ఊరి టీము వేరు, వాడ టీము వేరు ఎందుకుంటున్నట్టు?

ఆడపిల్లల సంగతి ఇంకా ముందే తేలిపోతుంది. బడిలో జడలు అల్లుకున్న స్నేహితురాలి ఇంటికి పోతే వసారా దగ్గరే ఆగాలి, నీళ్లు పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. ఆ పిల్ల మళ్లీ ఆ గడప తొక్కదు, కారణం ఇంట్లో చెప్పదు.

బాబాసాహెబ్ సతారా బడిలో ఇంటినుంచి గోనెపట్టా తెచ్చుకుని విడిగా కూర్చున్నారు. ప్యూను పోస్తేనే నీళ్లు. బడి ఊడ్చే నౌకరు కూడా ముట్టనన్న ఆ పట్టాని రోజూ మోసుకుపోయి తెచ్చుకున్నానని ఆయనే రాసుకున్నారు. పక్కన కూర్చునే తోడు లేని చదువు అది. ఇప్పుడు గోనెపట్టా లేదు, పసుపురంగు బస్సు ఉంది. పొద్దున్నే అది వచ్చి ఊరి పిల్లల్ని పట్నం కాన్వెంటుకి ఎక్కించుకుపోతే చాలా ఊళ్లల్లో సర్కారు బడిలో మిగిలేది వాడ పిల్లలే. విడిపోవాల్సిన స్నేహం మొదలే కావడం లేదు.

అందుకేనేమో, మన కార్యకర్తల్లో ఎంతమందిని కదిపినా హాస్టలు రోజుల మాటే ఎత్తుతారు. ఒక ట్రంకుపెట్టె ఇద్దరు వాడుకోవడం, నీళ్ల పప్పు మీద వార్డెన్‌తో కలిసి కొట్లాడటం. అక్కడ తొండిని తొండి అనగలిగారు. మాల పిల్లోడూ మాదిగ పిల్లోడూ ఒక కంచంలో తిన్నదీ చాలాసార్లు అక్కడే, పల్లెలో కాదు. ఈ సంగతి మనలో మనం కూడా మాట్లాడుకోవాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, అణగారిన వర్గాలకి వాటా ఉండాలి. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన, అణగారిన వర్గాల పిల్లలకి ఇవ్వాలి. కమిటీ మీటింగుకి పోయినప్పుడు రిజిస్టర్లో వేలిముద్రేసి రావద్దు. మధ్యాహ్నం భోజనంలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు, గది ఊడ్చేదెవరు, ఆటస్థలం గుడిని ఆనుకుని ఉంటే మన పిల్లల్ని రానిస్తున్నారా, బెంచీలో ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టారు అని అడగండి. జవాబుని మినిట్సులో రాయించి, చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టండి.